పాప చెప్పింది నిజమే, నవ్వింది నేను

ప్రశ్న

ఒక తండ్రి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు రాయలేదు. విషయం క్లుప్తంగా ఇది.

ఆయన ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తారు. ఒక్కతే కూతురు, పన్నెండేళ్లు. రెండేళ్లుగా ఆ పిల్ల ఒక నోట్‌బుక్ పెట్టుకుని, ఎక్కడ ఏ వింత విషయం విన్నా, చదివినా అందులో రాసుకుంటోంది. అట్ట మీద 'నమ్మలేని నిజాలు' అని పేరు కూడా పెట్టుకుంది. రోజూ రాత్రి నాన్న పక్కన చేరి "నాన్నా, ఇది తెలుసా?" అంటూ ఒకటో రెండో చెప్పేది. ఆక్టోపస్‌కు మూడు గుండెలట. మన పాలపుంతలో ఉన్న నక్షత్రాల కంటే భూమి మీద చెట్లే ఎక్కువట. ఆయన ఊఁ కొడుతూ వినేవారు. సగం ధ్యాస ఫోన్‌లో ఉండేదని ఆయనే ఒప్పుకున్నారు.

రెండు నెలల కిందట ఇంటికి చుట్టాలు వచ్చారు, పాతికమంది దాకా. అందరూ కబుర్లలో ఉండగా పాప నోట్‌బుక్ పట్టుకొచ్చి మధ్యలో నిలబడింది. మనం మెదడులో పది శాతమే వాడతామని చదివితే, "అవును, నేనూ విన్నాను" అని తలో మాటా అన్నారు. ఆ ఉత్సాహంలో, శుక్రగ్రహం మీద ఒక రోజు ఒక సంవత్సరం కంటే పెద్దదని చదివింది. ఈయన పెద్దగా నవ్వి, "రోజులన్నీ కలిస్తేనే కదమ్మా సంవత్సరం? వీధి కంటే ఇల్లు పెద్దదన్నట్టుంది నీ లెక్క" అన్నారు. గది మొత్తం నవ్వింది. పాప మారు మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయింది.

ఆ రాత్రి నుంచి పక్కన కూర్చోవడం మానేసింది. పలకరిస్తే పలుకుతుంది, చదువుకుంటుంది, పడుకుంటుంది. "కొత్తగా ఏం రాశావమ్మా?" అంటే "ఏం లేదు నాన్నా" అంటుంది. వారం తర్వాత ఆయనే వెతికి చూస్తే పాప చెప్పింది నిజమేనని తెలిసింది. మనసు ఆగక, పాప స్కూల్లో ఉండగా ఆ నోట్‌బుక్ తీసి చూశారు. శుక్రగ్రహం పేజీ మీద అడ్డంగా గీత కొట్టేసి ఉంది. పది శాతం మెదడు పక్కన మాత్రం ఒక టిక్కు, ఒక నక్షత్రం బొమ్మ.

భార్య సారీ చెప్పమంటున్నారు. అన్నయ్యేమో, తండ్రి పిల్లకు సారీ చెబితే నెత్తికెక్కుతుంది, అదే నాలుగు రోజుల్లో మర్చిపోతుందిలే అంటున్నారు. ఆయన అడిగినవి మూడు. సారీ చెబితే పాపకు నా మీద గౌరవం తగ్గుతుందా? ఆ పుస్తకంలో నిజంగానే తప్పులున్నాయి కదా, అవి చెబితే మళ్లీ ముడుచుకుపోతుందేమో, ఎలా? నేను చదివింది కామర్స్, సైన్సు రాదు, రేపు తను అడిగేవాటికి ఏం జవాబు చెప్పను?

జవాబు

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఆ గీత దగ్గరే ఆగిపోయాను.

కోపం వచ్చిన పిల్ల పేజీ చింపేస్తుంది, పుస్తకం విసిరేస్తుంది. మీ పాప ఆ రెండూ చేయలేదు. తను రాసుకున్నదాని మీద నీట్‌గా గీత కొట్టింది. అంటే అది తప్పని ఒప్పుకుంది. ఎక్కడో చదివిన మాట కంటే నాన్న మాట మీద ఎక్కువ నమ్మకం ఉంది కాబట్టి, నాన్న నవ్వాడు కాబట్టి, నిజాన్ని కొట్టేసింది. గౌరవం తగ్గుతుందేమోనని మీరు అడిగారు. ఆ గీతే మీ మీద ఉన్న గౌరవం. ఇప్పుడు చూసుకోవాల్సింది దాన్ని మీరు ఏం చేస్తారన్నదే.

ఆ టిక్కు కూడా నన్ను బాధపెట్టింది. పది శాతం మెదడు అన్న మాట తప్పు, దాని గురించి కింద చెబుతాను. అయినా అందరూ తలూపారు కాబట్టి అది నిజాల జాబితాలో నక్షత్రంతో సహా నిలిచింది. శుక్రగ్రహం మాట నిజం, అందరూ నవ్వారు కాబట్టి అది పోయింది. ఆ రోజు పాప నేర్చుకున్న పాఠం ఇదీ: ఏది నిజమో తెలియాలంటే చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలు చూడాలి. సారీ కంటే ముందు, సారీ కంటే లోతుగా సరిచేయాల్సింది ఈ పాఠాన్నే.

ఇక మీ విషయం. మీరు అనుమానించడం తప్పు కాదు. రోజులు కలిస్తేనే సంవత్సరం అన్న మీ తర్కం గట్టిదే, ఎందుకంటే మనకు తెలిసిన ఒకే ఒక్క గ్రహం మీద అది అలాగే ఉంటుంది. శుక్రుడి దగ్గర లెక్క మారిపోతుంది. ఆ గ్రహం తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి మన లెక్కలో 243 రోజులు తీసుకుంటుంది. సూర్యుడి చుట్టూ ఒకసారి తిరిగి రావడానికి 225 రోజులే చాలు. పాప రాసుకున్నది ఈ లెక్క. అది సరైనదే.

అయితే అక్కడితో కథ అయిపోలేదు. శుక్రుడు తిరిగేది భూమికి ఎదురు దిక్కులో. అందువల్ల అక్కడ ఒక సూర్యోదయం నుంచి మరో సూర్యోదయానికి పట్టే కాలం దాదాపు 117 భూమి రోజులు మాత్రమే. 'రోజు' అంటే పొద్దు పొడవడం నుంచి మళ్లీ పొద్దు పొడిచేదాకా అనుకుంటే, శుక్రుడి సంవత్సరంలో దాదాపు రెండు రోజులు పడతాయి. అప్పుడు మీ మాట కూడా నిలబడుతుంది! ఆ రోజు నవ్వే బదులు "ఏ రోజు గురించి చెబుతున్నావమ్మా, పొద్దు పొడిచే రోజా, చుట్టు తిరిగే రోజా?" అని మీరు అడిగి ఉంటే ఆ సాయంత్రం ఎంత బాగుండేదో. ఆ సంభాషణ ఇప్పటికీ మీ కోసం అలాగే ఉంది. ఎక్కడికీ పోలేదు.

దీన్ని ఇంట్లోనే చేసి చూడొచ్చు. గది మధ్యలో ఒక స్టూలు వేయండి, అది సూర్యుడు. మీరు శుక్రుడు. ఎదురు గోడ మీద ఏదో ఒక గుర్తు పెట్టుకుని, ముఖం దాని వైపే ఉంచి, స్టూలు చుట్టూ ఒక రౌండు నడవండి. కొన్ని అడుగులు పక్కకు, కొన్ని వెనక్కి వేయాల్సి వస్తుంది. మీరు ఒంటి చుట్టూ అసలు తిరగలేదు. అయినా స్టూలు ఒకసారి మీ ముక్కు ముందు, ఒకసారి ఒక చెవి వైపు, ఒకసారి వీపు వెనక, ఒకసారి రెండో చెవి వైపు ఉంటుంది. అంటే మీరు తిరగకుండానే మీకు ఒకసారి తెల్లారి ఒకసారి పొద్దుగూకింది. ఇప్పుడు రెండో రౌండులో, నడిచే దిక్కుకు ఎదురు దిక్కులో మీరు కూడా నిదానంగా తిరుగుతూ నడవండి. రౌండు పూర్తయ్యేసరికి ఒక చుట్టుకు కొంచెం తక్కువ తిరిగి ఉండాలి. స్టూలు మీ ముక్కు ముందుకు దాదాపు రెండుసార్లు వస్తుంది. మొదటిసారి కాళ్లు తడబడతాయి, పాప మీ భుజాలు పట్టి తిప్పాల్సి వస్తుంది. తిప్పనివ్వండి.

ఈ సంగతి చాలాకాలం శాస్త్రవేత్తలకే తెలియదు. శుక్రుణ్ణి ఎప్పుడూ దట్టమైన మేఘాలు కప్పేసి ఉంటాయి, టెలిస్కోపుతో చూసినా నేల కనిపించదు. 1960ల మొదట్లో భూమి మీద నుంచి రాడార్ తరంగాలు పంపి, అవి తగిలి తిరిగొచ్చిన తీరును బట్టి ఆ గ్రహం ఎంత నెమ్మదిగా, ఏ దిక్కుకు తిరుగుతోందో పట్టుకున్నారు. ఇంత కష్టపడితే గానీ దొరకని సంగతిని ఒక్క వాక్యంలో వింటే ఎవరికైనా నమ్మబుద్ధి కాదు. కాబట్టి ఆ అనుమానం గురించి మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

అనుమానపడటం వేరు, పదిమందిలో నవ్వడం వేరు. ఈ రెంటికీ తేడా తెలియాలంటే ఒక కుర్రాడి కథ చెప్పాలి. 1963లో టాంజానియాలో ఎరాస్టో ఎంపెంబా అనే స్కూలు పిల్లవాడు తోటి పిల్లలతో ఐస్‌క్రీమ్ చేస్తున్నాడు. పాలు కాచి, చల్లార్చి, ఆ తర్వాత ఫ్రీజర్‌లో పెట్టాలి. చోటు దొరకదేమోనని కంగారులో ఇతను వేడిగానే పెట్టేశాడు. తీసి చూస్తే చల్లార్చి పెట్టిన వాళ్లదాని కంటే ఇతనిదే ముందు గడ్డకట్టింది. టీచర్‌ని అడిగితే నువ్వే ఏదో పొరబడి ఉంటావన్నారు. తర్వాత ఇంకో స్కూల్లో ఇంకో టీచర్‌ని అడిగితే, అది అందరి ఫిజిక్స్ కాదు, ఎంపెంబా ఫిజిక్స్ అన్నారు. అక్కడి నుంచి అతను ఏ తప్పు చేసినా క్లాసంతా అదే మాటతో ఏడిపించేది.

ఆ అబ్బాయి అడగడం మానలేదు. డెనిస్ ఆస్‌బోర్న్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ వాళ్ల స్కూలుకు ఉపన్యాసం ఇవ్వడానికి వచ్చినప్పుడు లేచి ఇదే ప్రశ్న అడిగాడు. తోటి పిల్లలు నవ్వారు. ఆస్‌బోర్న్‌కు కూడా ఆ మాట నమ్మశక్యంగా లేదు, తనకు తెలిసిన ఫిజిక్స్‌కు అది పొసగడం లేదు. కానీ నేను లెక్కలోకి తీసుకోనిది ఏదైనా ఉందేమో, వెళ్లి ప్రయోగం చేసి చూస్తానని మాటిచ్చాడు. వెళ్లి చేయించాడు. 1969లో ఆ పిల్లవాడి పేరూ తన పేరూ కలిపి పరిశోధన పత్రం అచ్చు వేయించాడు. ఇప్పుడు ప్రపంచమంతా దాన్ని ఎంపెంబా ఎఫెక్ట్ అంటుంది.

మీ పాపకు ఈ కథ చెప్పేటప్పుడు దీని తర్వాతి భాగం దాచకండి. వేడినీళ్లు ముందు గడ్డకడతాయన్నది ఇంకా తేలలేదు. కొందరి ప్రయోగాల్లో కనిపించింది. 2016లో జాగ్రత్తగా చేసిన ప్రయోగాల్లో అలాంటిదేమీ కనిపించలేదు. అంటే ఆ అబ్బాయి మాట చివరికి తప్పని తేలినా తేలొచ్చు. అయినా ఆస్‌బోర్న్ చేసింది సరైన పనే. ఆయన 'నిజం' అనలేదు, 'అబద్ధం' అనలేదు, చేసి చూస్తానన్నాడు. మీ మూడో ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది, మళ్లీ దాని దగ్గరకు వస్తాను.

ముందు సారీ సంగతి. మీ ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, ఏమీ అనకుండా ఉండటం. మీ అన్నయ్య చెప్పింది ఇదే. పిల్లలు మర్చిపోతారన్న మాటలో కొంత నిజం లేకపోలేదు, కొన్ని నెలలకు పాప మామూలుగా మాట్లాడొచ్చు. కానీ రెండు నెలలైనా ఆ నోట్‌బుక్ మీ దగ్గరకు రాలేదు. ఈ దారిలో వెళ్తే కూతురు తిరిగొస్తుందేమో గానీ, "నాన్నా, ఇది తెలుసా?" అన్న మాట తిరిగి రాకపోవచ్చు. పన్నెండేళ్ల పిల్ల ఇంకో రెండేళ్లలో స్నేహితుల వైపు తిరుగుతుంది. అప్పుడు చెప్పుకోవడానికి వాళ్లుంటారు, మీతో పని పడదు.

రెండోది, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పడం. దీనికి పెద్ద మాటలేమీ అక్కర్లేదు. "నువ్వు చెప్పిన శుక్రగ్రహం మాట నిజమేనమ్మా. నేను తెలుసుకోకుండా నవ్వాను. అందరిముందూ నవ్వడం ఇంకా తప్పు" అంటే చాలు. ఆ తర్వాత 'కానీ' అనకండి. "కానీ నువ్వు కూడా సరిగ్గా చెప్పలేదు", "కానీ సరదాకే అన్నాను" అని మొదలుపెడితే ముందు చెప్పిన మాటంతా కొట్టుకుపోతుంది. పాప వెంటనే కరిగిపోయి మెడకు చుట్టేసుకుంటుందని ఆశపడకండి. "సరే" అని వెళ్లిపోవచ్చు. ఆ ఒక్క మాటతో వెళ్లిపోయినా మీరు చెప్పింది లోపలికి చేరుతుంది.

మూడోది, ఆ చుట్టాల ముందే ఒప్పుకోవడం. నవ్వింది పదిమందిలో కాబట్టి సరిచేసేది కూడా పదిమందిలోనే అన్నది న్యాయమైన ఆలోచన. నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది. అయితే ఆ వయసు పిల్లలకు అందరి కళ్లూ మళ్లీ తమ మీద పడటమే పెద్ద శిక్ష. మీరు మంచి మనసుతో లేచి మాట్లాడుతుంటే, ఆ పిల్ల నేలలోకి కుంగిపోవాలనుకోవచ్చు. కాబట్టి ముందు రెండో దారిలో వెళ్లి, "మళ్లీ అందరూ కలిసినప్పుడు నేను చెప్పనా?" అని ఆమెనే అడగండి. వద్దంటే వదిలేయండి. అప్పుడు కూడా మీ అన్నయ్యకు ఫోన్ చేసి "అన్నయ్యా, ఆ రోజు పాప చెప్పిందే కరెక్టు" అనొచ్చు. పాప పక్క గదిలో ఉన్నప్పుడు, మామూలు గొంతుతో.

నెత్తికెక్కుతుందన్న భయానికి ఒక్క మాట. తప్పు ఒప్పుకున్న తండ్రిని చూసిన పిల్ల, రేపు తన తప్పు మీ దగ్గరకు తెచ్చుకోగలుగుతుంది. పదిహేనేళ్ల వయసులో ఆమె తెచ్చే తప్పులు శుక్రగ్రహం అంత దూరంలో ఉండవు. అప్పుడు మీ దగ్గరకే రావాలని మీరే కోరుకుంటారు.

ఇంకొకటి మీరు ఉత్తరంలో చటుక్కున దాటేశారు. పాప లేనప్పుడు ఆ నోట్‌బుక్ తెరిచారు. ప్రేమతోనే చేశారని నాకు అర్థమైంది. కానీ అది ఆమె సొంత పుస్తకం. గీత సంగతి మీకు తెలుసని మాటల్లో ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది, అప్పుడు ఆమెకు రెండో దెబ్బ తగులుతుంది. సారీ చెప్పే రోజే ఇదీ చెప్పేయండి. "నువ్వు లేనప్పుడు నీ పుస్తకం చూశాను, అడక్కుండా చూడకూడదు" అని. కోపం రావచ్చు. రెండు విషయాలకూ ఒకే రోజు కోపగించుకోవడం, రెండు వేర్వేరు రోజులు కోపగించుకోవడం కంటే నయం.

ఇప్పుడు తప్పుల సంగతి. వీటితో మొదలుపెట్టకండి, ఇది నేను గట్టిగా చెప్పే మాట. సారీ చెప్పిన వారంలోనే "పది శాతం మెదడు కూడా తప్పమ్మా" అంటే, లెక్క సరిచేసుకోవడానికి వచ్చాడనిపిస్తుంది. ముందు మీ నమ్మకాల్లో ఒకటి తప్పని తేలే చోటు నుంచి మొదలుపెట్టండి. ఉదాహరణకు, వేసవి ఎందుకొస్తుందని మిమ్మల్ని అడిగితే ఏం చెబుతారు? భూమి సూర్యుడికి దగ్గరగా వెళ్తుంది కాబట్టి అనుకునేవాళ్లు చాలామంది. నేనూ డిగ్రీ అయ్యేదాకా అలాగే అనుకున్నాను, పైగా ఒక చిన్నపిల్లకు అలాగే చెప్పాను కూడా. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ బాధే. నిజానికి భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉండేది జనవరి మొదటి రోజుల్లో, దాదాపు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో. జులై మొదట్లో దూరం 15.2 కోట్ల కిలోమీటర్లు. రుతువులు వచ్చేది భూమి 23.4 డిగ్రీలు ఒరిగి తిరగడం వల్ల. దూరమే కారణమైతే జనవరిలో భూగోళమంతా ఒకేసారి వేసవి ఉండాలి. ఉత్తరాన చలికాలమైతే దక్షిణాన వేసవి ఉంటుందని తలుచుకుంటే చాలు, పాత నమ్మకం దానంతటదే కూలిపోతుంది. "ఇన్నేళ్లూ నేను తప్పనుకున్నానమ్మా" అని మీరు అనడం పాప వినాలి. తప్పుగా నమ్మడం నవ్వులపాలయ్యే పని కాదని ఆమెకు మీ నోటి నుంచే తెలియాలి.

ఆ తర్వాత ఆమె పుస్తకంలోని ఏ వాక్యం దగ్గరైనా ఇద్దరూ కలిసి అడగగలిగే ప్రశ్న ఒకటుంది: "ఇది ఎలా కనుక్కున్నారంటావు?" నిజమా అబద్ధమా అని అడిగితే పిల్ల బోనులో నిలబడ్డట్టుంటుంది. ఎలా కనుక్కున్నారంటే ఇద్దరూ ఒకే వైపు కూర్చున్నట్టుంటుంది. చెట్ల సంగతే తీసుకోండి. భూమి మీద సుమారు 3 లక్షల కోట్ల చెట్లున్నాయని 2015లో ఒక అంచనా వచ్చింది. పాలపుంతలో నక్షత్రాలు 10 వేల కోట్ల నుంచి 40 వేల కోట్ల దాకా ఉంటాయంటారు. ఒక్కో చెట్టూ ఎవరు లెక్కపెట్టారు? ఎవరూ లెక్కపెట్టలేదు. అడవుల్లో లక్షల చోట్ల కొలిచిన నమూనాలను ఉపగ్రహ చిత్రాలతో జతచేసి అంచనా కట్టారు. మీరు ఆడిట్‌లో అన్ని ఓచర్లూ చూడలేక కొన్ని తీసి చూస్తారు చూడండి, అలాంటిదే. ఈ పోలిక మీరు చెబితే ఆ పిల్లకు తన నాన్న ఆఫీసులో ఏం చేస్తాడో కూడా మొదటిసారి అర్థం కావచ్చు.

పది శాతం మెదడును కూడా ఈ ప్రశ్నతోనే తాకాలి. మిగతా తొంభై శాతం ఊరికే ఉందని ఎలా కనుక్కున్నారు? అక్కడే ఆ మాట తడబడుతుంది. మెదడు బరువు మన ఒంటి బరువులో రెండు శాతమే, కానీ ఒళ్లు విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చయ్యే శక్తిలో దాదాపు ఇరవై శాతం అదే తీసుకుంటుంది. పని చేయని తొంభై శాతాన్ని ఒళ్లు ఇంత ఖర్చుతో పోషించుకోదు. ఆ తొంభై శాతంలో ఎక్కడ దెబ్బ తగిలినా ఏమీ కాకూడదు, కానీ చిన్న చోట దెబ్బ తగిలినా మాటో, చూపో, చెయ్యో పోవచ్చు. స్కానింగుల్లోనూ పని లేకుండా పడి ఉన్న పెద్ద భాగమేదీ కనిపించలేదు. ఇలా అడుగుతూ పోతే టిక్కు తీసేయాలని పాపే అంటుంది. ఆమె అనేదాకా మీరు అనకండి.

కొన్ని వాక్యాలు ఈ రెండు గంపల్లోనూ పట్టవు. మన ఒంట్లో మన కణాల కంటే సూక్ష్మజీవులు పదింతలు ఎక్కువని ఎన్నో పుస్తకాలు రాశాయి. 2016లో మళ్లీ లెక్కవేస్తే, కణాలు సుమారు 30 లక్షల కోట్లు, సూక్ష్మజీవులు సుమారు 38 లక్షల కోట్లు, అంటే రెండూ ఇంచుమించు సమానమేనని తేలింది. ముందు రాసినవాళ్లు అబద్ధాలకోరులు కారు, కొలత మెరుగైంది, అంతే. అందుకే ఆ నోట్‌బుక్‌లో ప్రతి విషయం పక్కన రాసిన తేదీ, ఎక్కడ చదివిందో ఒక ముక్క రాసుకోమని చెప్పొచ్చు. ఇష్టమైతేనే.

ఇక సైన్సు రాదన్న మీ బెంగ. మీకు లెక్క వచ్చు. ఈ వింతల్లో సగం లెక్కలే. ఒక కాగితాన్ని 42 సార్లు మడిస్తే దాని మందం చంద్రుణ్ణి దాటుతుందనే మాట పాప పుస్తకంలో ఉండే ఉంటుంది, లేకపోతే మీరే చెప్పండి. ఇద్దరూ కాగితం, కాలిక్యులేటర్ పెట్టుకుని కూర్చోండి. కాగితం మందం మిల్లీమీటరులో పదో వంతు అనుకుందాం. పది మడతలకు 1,024 పొరలు, పది సెంటీమీటర్లు, అరచేతి వెడల్పుకు కాస్త ఎక్కువ. ఇరవై మడతలకు వంద మీటర్లు దాటుతుంది. ముప్పైకి 107 కిలోమీటర్లు. ఇక్కడ మీ ఇద్దరి ముఖాలూ మారతాయి. 42 మడతలకు దాదాపు 4.4 లక్షల కిలోమీటర్లు. చంద్రుడి సగటు దూరం 3.84 లక్షలు. చక్రవడ్డీ తెలిసిన మనిషికి ఇది కొత్త కాదు, రెట్టింపు మీద రెట్టింపు ఏం చేస్తుందో మీరు రోజూ చూస్తూనే ఉంటారు.

లెక్క అయ్యాక నిజంగా ఒక కాగితం మడిచి చూడండి. ఆరో మడతకే బొటనవేలు నొప్పెడుతుంది, ఏడో మడత దగ్గర అది అట్టముక్కలా బిగుసుకుని మొరాయిస్తుంది. ఏ కాగితాన్నైనా ఏడు సార్లకు మించి మడవలేమని చాలాకాలం చెప్పుకునేవారు. 2002లో అమెరికాలో బ్రిట్నీ గాలివన్ అనే హైస్కూలు విద్యార్థిని ఎంత పొడవు కాగితం కావాలో ముందు సూత్రం కట్టి, కిలోమీటరుకు పైగా పొడవున్న కాగితం చుట్ట తెచ్చి, 12 సార్లు మడిచింది. ఆ పన్నెండో మడత సంగతి పాపకు తప్పకుండా చెప్పండి.

ఒక జాగ్రత్త కూడా. చుట్టాల ముందు పాప పరువు నిలబెట్టాలన్న ఆత్రంతో పుట్టినరోజుల లెక్క లాంటిది ఆమెతో ప్రదర్శన చేయించాలనిపిస్తుంది. 23 మంది ఒకచోట ఉంటే వాళ్లలో ఇద్దరిది ఒకే పుట్టినరోజు అయ్యే అవకాశం సగం కంటే కొంచెం ఎక్కువ. వాళ్లను జతలుగా లెక్కపెడితే 253 జతలు వస్తాయి కాబట్టి. మీ ఇంట్లో ఆ రోజు పాతికమంది ఉన్నారు కూడా. కానీ సగం కంటే కొంచెం ఎక్కువ అంటే దాదాపు సగంసార్లు కుదరదనే అర్థం. కుదరకపోతే మళ్లీ నవ్వుతారు. ఈసారి మీరు నవ్వకపోయినా ఆమె చూసేది మీ ముఖమే. ఇంట్లో మీ ముగ్గురి మధ్య ఇవన్నీ అలవాటయ్యాక, తనే చెబుతానంటే అప్పుడు చూడొచ్చు.

తెలియని ప్రశ్న వస్తే ఆస్‌బోర్న్ మాటే మీ మాట. "నాకు తెలియదు, చూద్దాం." అని, నిజంగా చూడాలి. రెండుసార్లు చూద్దామని వదిలేస్తే మూడోసారి ఆమె అడగదు. ఆక్టోపస్ మూడు గుండెల మాట ఆమె చెప్పినప్పుడు ఊఁ కొట్టి వదిలేశారు కదా, దానితో మొదలుపెట్టండి. ఎందుకు మూడు? రెండు గుండెలు రక్తాన్ని మొప్పల్లోకి నెడతాయి, మూడోది ఒంట్లోకంతా నెడుతుంది. ఈదేటప్పుడు ఆ మూడోది ఆగిపోతుంది, అందుకే ఆక్టోపస్ ఈదితే త్వరగా అలిసిపోతుంది, పాకడమే దానికి హాయి. దాని రక్తం నీలంగా ఉంటుంది, ఎందుకంటే మనకు ఇనుము చేసే పని దానికి రాగి చేస్తుంది. ఇవి పాపకు ఇప్పటికే తెలిసి ఉండొచ్చు. తెలిస్తే ఆమెను చెప్పనిచ్చి, ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి వినండి.

ఆ గీతను మీరు చెరపకండి, కింద "కరెక్టు" అని రాయకండి. అది ఆమె పుస్తకం. ఈ వారంలో సెలవు రోజు చూసుకుని, చెప్పాల్సిన రెండు మాటలూ చెప్పేసి, గది మధ్యలో ఆ స్టూలు వేసి, "నేను శుక్రుణ్ణి, ఎటు తిరగాలో చెప్పమ్మా" అని అడగండి. "ఇప్పుడొద్దు నాన్నా" అంటే ఇంకో వారం ఆగి మళ్లీ అడగండి.